తాగని మందు మానేసిన మనిషి

ఇప్పుడు చెప్పబోయేది ఒక మహాగాథ. ఇందులో వీరుడున్నాడు, వీరుడికి తగ్గ మీసముంది. ఉక్కు ఆయుధాలున్నాయి, అవి నేరుగా వీరుడి నుదుట్లోనే దిగుతాయి. దీక్ష ఉంది, అపనింద ఉంది, నిండు సభలో అగ్నిపరీక్ష ఉంది. చివర్లో మరణం కూడా ఉంది.

అంత లేదు. ఆయుధాలంటే వెంట్రుక మందం సూదులు, వాడాక డబ్బాలో పడేస్తారు. అగ్నిపరీక్ష షామియానా కింద జరిగింది, మధ్యలో మైకు కీచుమంటూనే ఉంది. ఇది తలనొప్పి ఉన్న ఒక మనిషి గురించి. అది కూడా ఒకవైపే వచ్చే తలనొప్పి. సగం తలనొప్పికి పూర్తి గాథ రాయడం నా వల్ల కాదు.

మొన్న ఇబ్రహీంపట్నం బస్టాండు ముందు హయత్‌నగర్ బస్సు కోసం నిలబడ్డాను. ఎదురుగా మన్నెగూడ ప్లాట్ల ప్రకటన పక్కన కొత్త ఫ్లెక్సీ ఒకటి కట్టారు. దాని మీద ఆ తలనొప్పి మనిషి బొమ్మ, రెండు దీపాలు, ‘అశ్రునివాళి’. తెలిసిన మనిషి పోతే ముందు బాధ కలగాలి, అది పద్ధతి. నాకు ముందు సిగ్గేసింది. ఫ్లెక్సీకి కనబడకుండా టీకొట్టు వెనక్కి జరిగి నిలబడ్డాను. ఫ్లెక్సీ నుంచి దాక్కున్నవాణ్ని బహుశా నేనొక్కణ్నే.

టీకొట్టాయన నా చూపు పట్టేశాడు.

“ఎరుకనా నీకు ఆ పటేలు?”

“ఎరుకే. ఏమైందన్నా?”

“గుండెపోటంట. పొద్దుగాల పొలం కాడ కూసున్నోడు కూసున్నట్టే పోయిండంట. మంచి మనిషి. సూదుల పటేలంటె ఈడ తెల్వనోళ్ళు లేరు.”

సూదుల పటేలు. ఊరు ఆయన్ను ఆ పేరుతో పిలవడానికి కారణం నేనే. ఫ్లెక్సీ మీద అసలు పేరు పెద్దక్షరాల్లో ఉంది, నేను రాయను. పేరెత్తొద్దని ఆయన నన్ను మొదటిరోజే అడిగాడు. మిగతావన్నీ ఎత్తేశాను కాబట్టి ఇదొక్కటైనా పాటిస్తాను.

*

నాకూ ఆ రోగమే. ఇక్కడే ఒక ఇంజినీరింగ్ కాలేజీలో పరీక్షల విభాగంలో పని చేస్తాను. హాల్ టికెట్లు చూస్తుండగా ఎడమ కంటి అంచున రంపపు పళ్ళలాంటి వెలుగొకటి మొదలవుతుంది. కాసేపటికి విద్యార్థుల మొహాలు సగం మాయమవుతాయి. తర్వాత కణతలో ఎవరో బోరు వేస్తారు. పెద్ద దవాఖానలో స్కానింగ్ తీసి తలలో ఏమీ లేదన్నారు. మా ఇంట్లోవాళ్ళు ఆ కాగితాన్ని ఫ్రేము కట్టిస్తామన్నారు, ఇన్నాళ్ళుగా తాము నోటితో చెబుతున్నదే కదా అని.

మాత్రలు వేసుకుంటూనే ఉన్నాను. అయినా మా అక్క ఒక రోజు నన్ను సాగర్ రోడ్డు మీది ఎరువుల దుకాణానికి తీసుకుపోయింది. ఆ దుకాణం పైన చైనా సూదుల వైద్యం చేసే డాక్టరమ్మ ఉంది. మెట్లు ఎక్కుతుంటే కింద నుంచి పురుగుమందు వాసన, పై నుంచి ఏదో ఎండుటాకు చుట్టలా కాల్చిన వాసన. ఆ రెండూ కలిసే మెట్టు మీద నిలబడితే తలనొప్పి లేనివాడికి కూడా వస్తుంది. బహుశా అక్కడే గిరాకీ తయారవుతుంది.

లోపల గోడ మీద ఒక మనిషి బొమ్మ ఉంది, ఒళ్ళంతా చుక్కలు, చుక్కల మధ్య గీతలు. ఆ మనిషి ఒంటి మీద ఉన్నన్ని స్టాపులు మన డిపో బస్సులకు లేవు. బల్లల మీద అందరూ ఆడవాళ్ళే. టీచర్లు, టైలర్లు, ఒక అంగన్‌వాడీ అక్క. అందరూ నుదుట సూదులతో పడుకుని, కదలకుండా, కూరల ధరలు మాట్లాడుకుంటున్నారు. నేను ఆఫీసులో బ్యాంకుకు పోతున్నానని చెప్పి వచ్చాను. మగవాడు తలనొప్పికి సెలవు అడిగితే మా దగ్గర మూడు రోజులు అసలు పేరుతో పిలవరు.

డాక్టరమ్మ నన్ను కిటికీ పక్కన తెర వెనక బల్ల మీద పడుకోబెట్టింది. నుదుట, చేతుల్లో, పాదాల్లో సూదులు గుచ్చి, లైటు తీసేసి, “అరగంట కదలొద్దు” అని వెళ్ళిపోయింది. కదిలే ఆలోచన నాకూ లేదు. అప్పుడే పక్క బల్ల మీద ఒక శాలువా కదిలింది. శాలువా కింద నుంచి మీసం బయటికొచ్చింది.

“ఏ ఊరు పిలగా నీది?”

“ఈడనే, ఇబ్రహీంపట్నమే పటేలా.” తెల్ల ధోవతి, మీసం, వేలికి ఉంగరం చూసి అలా అనేశాను.

“ష్! ఈడ గట్ల పిలువకు. కింద దుకాణంల మావోళ్ళుంటరు, ఇనవడ్తది. కాకా అను.”

“సరే కాకా.”

“నన్ను నువ్వు చూడలే. నిన్ను నేను చూడలే.”

“అసలు నేను బ్యాంకుల ఉన్న కాకా.”

శాలువా కొంచెంసేపు ఊగింది. నుదుట సూదులుంటే నవ్వకూడదు. ఆయన నవ్వాడు, వెంటనే “అమ్మా” అన్నాడు.

ఆ రోజు నుంచి మేమిద్దరం ఒకే గంటకు వచ్చేవాళ్ళం. అనుకుని కాదు. ఆడవాళ్ళు తక్కువగా ఉండే సమయం ఇద్దరికీ విడివిడిగా దొరికింది.

*

ఆయన ఊళ్ళో పెద్దమనిషి. పొలం గెట్టు తగాదాలు, అన్నదమ్ముల పంపకాలు ఆయన ముందుకు వచ్చేవి. అందుకే డాక్టరమ్మ వైద్యాన్ని కూడా పంచాయితీలాగే చూసేవాడు. తల పక్కన వచ్చే నొప్పికి కాలేయంలో వేడి కారణమని ఆమె ఒకసారి చైనా పద్ధతి వివరించింది. బొటనవేలికి, పక్క వేలికి నడుమ పాదంలో సూది దించింది. అది మాత్రం నిజంగానే చురుక్కుమంటుంది.

“తగాద తలకాయల, కేసు కాలేయం మీద, దెబ్బ కాలికి,” అన్నాడాయన. “గిట్ల నేను తీర్పు చెప్తె ఊళ్ళె నన్ను ఉండనిస్తరా అమ్మా?”

“మీ తీర్పుకు ఎవరికన్న నొప్పి తగ్గిందా పటేలా?” అంది ఆమె సూది తిప్పుతూ.

“కాకా అనమన్న గద!”

నాలుక చూపించమంటే ఆయనకు చచ్చేంత సిగ్గు. తువ్వాలు మొహానికి అడ్డం పట్టుకుని, గోడవైపు తిరిగి, ముందు నన్ను కళ్ళు మూసుకోమని, అప్పుడు నాలుక కొస మాత్రం బయటపెట్టేవాడు. “మొత్తం పెట్టండి” అనేది ఆమె. “ఇంతకన్న లేదమ్మా” అనేవాడు. ఊళ్ళో నాలుకతోనే బతికే మనిషి.

ఒక్కోసారి ఆమె చెవి మీద చిన్న గింజలు అతికించి, నొప్పి మొదలైతే వాటిని నొక్కుకోమనేది. ఆయన తలగుడ్డను చెవుల మీదికి లాగి కట్టుకుని బయటికి వెళ్ళేవాడు. ఎండాకాలం కూడా. ఎవరైనా అడిగితే చెవిలో గాలి పోతోందని చెప్పేవాడు.

అన్నిటికన్నా గొప్ప పని ఇంకొకటి. పైకి వచ్చినందుకు సాకు కావాలి కనుక, దిగేటప్పుడు ప్రతిసారీ కింద దుకాణంలో విత్తనాల ప్యాకెట్ ఒకటి కొనేవాడు. తెలివిగా రకరకాలు కొనొచ్చు. తల పట్టేసిన మనిషికి అంత ఆలోచన రాదు, ముందు వరసలో వేలాడే బెండ విత్తనాలే కొనేవాడు. కొన్నాక వేయకపోతే ఇంట్లో అడుగుతారు. వేశాడు. కాసింది. అమ్మితే పెద్దమనిషి బెండకాయలు అమ్ముతున్నాడంటారని ఊరంతా పంచాడు. ఆ ఊళ్ళో ఆ ఏడాది ఆ కూర తప్పించుకున్న ఇల్లు లేదు.

ఇంకొక అలవాటు. బొటనవేలికి, చూపుడువేలికి మధ్యనుండే మెత్తటి కండను రెండో చేత్తో గట్టిగా గిల్లి పట్టుకునేవాడు. నొప్పి వస్తున్నట్టు తోస్తే అక్కడ నొక్కుకోమని డాక్టరమ్మ నేర్పింది. ఒకసారి బస్టాండు దగ్గరి హోటల్లో ఆయన పంచాయితీ చేస్తుంటే చూశాను. ఇద్దరు అన్నదమ్ములు పొలం బాట గురించి ఒకరి మీద ఒకరు అరుస్తున్నారు. ఆయన కళ్ళు మూసుకుని, చేతిని అలా పట్టుకుని, ఒక్క మాటా మాట్లాడకుండా కూర్చున్నాడు. అరుపులు తగ్గాయి. ఆయన కదల్లేదు. అన్నదమ్ములకు భయం పట్టుకుంది. పెద్దవాడు, “సరే పటేలా, బండి పోయేంత ఇడుస్త” అన్నాడు. చిన్నవాడు, “నాకు గూడ సమ్మతమే” అన్నాడు. ఇద్దరూ ఆయన కాళ్ళకు మొక్కిపోయారు.

తర్వాత పక్కకు పిలిచి అడిగాను: “అంతసేపు ఏం ఆలోచించినవ్ కాకా?”

“ఆలోచనా? కక్కు రాకుండ ఆపుకుంటున్న పిలగా.”

నయమైందా అంటే, కొంత తగ్గింది. సూదుల వల్ల తగ్గిందో, అరగంట ఎవరూ పిలవని చీకట్లో పడుకోవడం వల్ల తగ్గిందో తెలియదు. డాక్టరమ్మ కూడా పూర్తిగా పోతుందని ఎప్పుడూ చెప్పలేదు. “కొందరికి తగ్గుతది, కొందరికి తగ్గదు, మాత్రలు మానొద్దు” అనేది. ఆయనకు ఆ లెక్క అవసరం లేదు. “ఈ అరగంట కోసమె వస్త” అన్నాడొకసారి. “ఇంట్ల పండుకుంటె పండుకున్నట్టు లెక్క గాదు. ఎవడో ఒకడు తలుపు కొడ్తడు. ఈడ సూదులున్నయని ఎవ్వరు ముట్టరు.”

*

“ఇంట్ల తెల్వదా కాకా?” అని అడిగాను ఒక రోజు.

“తెల్సు. తాగుతనని తెల్సు.”

సూదులు మరిచి ఆయన వైపు తిరిగాను. నాకూ “అమ్మా” అనాల్సి వచ్చింది.

విషయం సులువే. నొప్పి వచ్చే ముందు ఆయనకు చూపు చెదురుతుంది, అడుగులు తడబడతాయి. మాట మందంగా వస్తుంది. తర్వాత వాంతి. తర్వాత పొలంలో బోరు స్టార్టరుండే గదిలోకి పోయి, తలుపేసుకుని, చీకట్లో పడుకుంటాడు. లేచేసరికి కళ్ళు ఎర్రగా ఉంటాయి. ఇంత చేసిన మనిషిని చూసి భార్య ఏమనుకుంటుంది? ఆమె అదే అనుకుంది. ఆయన దిద్దలేదు.

“ఎందుకు చెప్పలే?”

“తాగుడు మొగోడు చేసే పని. తలకాయ పట్టుకొని ఏడ్సుడు మొగోడు చేసే పనా? నొప్పస్తె నాకు ఈ కన్ను కారుతది పిలగా. పెద్దమనిషని నలుగురు నా తానకొస్తరు. ఈని తలకాయనే బాగలేదు, ఈడేం తీర్పు చెప్తడంటరు.”

“తాగితె అనరా?”

“తాగినోడు చెప్పిన తీర్పు మస్తు మంది ఇన్నరు,” అన్నాడు.

కానీ ఆ ఏడాది చలికాలం భార్య తెగించింది. ఆయన తమ్ముణ్ని కూర్చోబెట్టుకుని, అయ్యప్ప మాల వేసుకుంటే తాగుడు మానతాడని తీర్మానించింది. మా వైపు అది ఉన్నదే. దీక్షలో మందు ముట్టకూడదు కనుక, తాగేవాళ్ళకు ఇంట్లోవాళ్ళే మాల వేయిస్తారు. ‘మాలల గూడ తాగితె నేను ఈ ఇంట్ల ఉండ, అన్నగారింటికి పోత’ అని ఆమె చెప్పేసింది. ఊరికే అనే మనిషి కాదు. వేసుకోనంటే కారణం చెప్పాలి. కారణం చెప్పే బదులు ఆయన మాల వేసుకున్నాడు.

తర్వాతి వారం నల్ల బట్టలు, మెడలో మాల, వట్టి కాళ్ళతో మెట్లెక్కి వచ్చాడు. మాలలో ఉన్నవాళ్ళను ఎవరైనా స్వామి అనే పిలవాలి, చిన్నపిల్లలైనా సరే. డాక్టరమ్మ కూడా మారింది. “స్వామీ, నాలుక.”

“తాగని మందు మానేసినోణ్ని ప్రపంచంల నేనొక్కణ్నే,” అన్నాడు బల్ల ఎక్కుతూ.

డాక్టరమ్మకు మాత్రం నవ్వు రాలేదు. తెల్లవారక ముందు తలమీంచి చన్నీళ్ళు, ఒంటిపూట భోజనం, కర్పూరం పొగ, మైకులో భజన. ఈ తలనొప్పి ఉన్నవాడు దేనికి దూరంగా ఉండాలో అవన్నీ వరసగా ఆ దీక్షలో ఉన్నాయి. ఆ మాటే ఆమె చెప్పింది. “నాకెందుకు చెప్తవమ్మా, అయ్యప్పకు చెప్పు” అన్నాడాయన. దీక్షలో సూదులు గుచ్చించుకోవచ్చా అన్న అనుమానం కూడా ఉంది ఆయనకు. గురుస్వామిని నేరుగా అడిగితే దొరికిపోతాడు కదా, “స్వామీ, పొలంల ముల్లు గుచ్చుకుంటె మాలకు దోషమా?” అని అడిగాడట. దోషం లేదన్నారట. “నుదుట్ల గుచ్చుకుంటె?” అని అడగబోయి ఆగాడట.

*

ఆయన ఇంట్లో పడిపూజకు నన్ను పిలిచాడు. మెట్లు కట్టి, దీపాలు పెట్టి, అందరికీ అన్నం పెట్టే పూజ అది. నేను ఎవరినని చెప్పాలో ఆయనకు తోచలేదేమో, విత్తనాల దుకాణం పిల్లగాడని చెప్పాడు. అలా ఆ సాయంత్రం నేను నలుగురు రైతులకు మిరప తెగులు గురించి సలహాలిచ్చాను. వాళ్ళ మిరప ఏమైందో ఇప్పటికీ అడగలేదు.

షామియానా నిండింది. రంగు బల్బులు టకటకా వెలిగి ఆరుతున్నాయి. కర్పూరం పొగ కమ్మేసింది. గురుస్వామి ఊళ్ళో ట్రాక్టర్ల మెకానిక్, గొంతు కూడా సైలెన్సర్ ఊడిన ట్రాక్టరే. నేను మైకు పక్కన కూర్చున్నాను. ఆయన ముందు వరసలో. చూస్తుండగా ఆయన చేయి రెండో చేతి కండను గిల్లి పట్టుకుంది. కాసేపటికి లేచాడు. స్టార్టరు గదికి పోదామని కావచ్చు. అడుగు తప్పి, వెలిగించిన మెట్ల మీద పడబోయి, అరటి బోదె పట్టుకుని ఆగాడు. గురుస్వామి “ఏంది స్వామీ?” అంటే ఏదో అన్నాడు, అందులో ఒక్క మాటా మాటలా లేదు. షామియానా అంచుకు పోయి వాంతి చేసుకున్నాడు.

భజన ఆగిపోయింది. ఆయన తమ్ముడు గట్టిగా అన్నాడు: “తాగినవా స్వామీ?”

దీక్షలో తిట్టాలన్నా స్వామి అనే తిట్టాలి. “సిగ్గుండాలె స్వామీ!” అన్నారొకరు. “మెట్ల ముంగట గిదేం పని స్వామీ!” అన్నారింకొకరు. ఇంత మర్యాదగా జరిగిన అవమానం నేనెక్కడా చూడలేదు.

గురుస్వామి దగ్గరికి పోయి, ఇంజను వాసన చూసినట్టు ఆయన నోరు వాసన చూశాడు. “మందు వాసన లేదు. అల్లం వాసనుంది.”

“గదే స్వామీ!” అన్నాడు తమ్ముడు. “వాసన తెల్వకుండ నమిలిండు!”

వాంతి రాకుండా అల్లం నమలమని చెప్పింది డాక్టరమ్మ.

భార్య అరవలేదు. హారతి పళ్ళెం కింద పెట్టి, “మాలల గూడనా స్వామీ?” అంది. అని లోపలికి పోయింది. బీరువా తలుపు తెరిచిన చప్పుడు బయటికి వినబడింది. గురుస్వామి ఆయన మెడలోని మాల మీద చేయి వేసి, “నిజం చెప్పు స్వామీ. తాగితె తియ్యాలె” అన్నాడు. ఆయన నోరు తెరవలేదు. ఒక కన్ను ధారగా కారుతోంది. ఆ కారుతున్న కంటితోనే జనం మీదుగా నన్ను చూశాడు. నన్ను కాపాడమని కాదు ఆ చూపు. నన్ను నువ్వు చూడలే, అని.

నాకది స్పష్టంగా అర్థమైంది. కానీ లోపల చీరలు మడతపెడుతున్న చప్పుడు కూడా వినబడుతోంది. మైకు తీసుకున్నాను.

“స్వాములందరికి దండం. ఈ స్వామి తాగలే. ఎన్నడు తాగలే. ఈయనది ఒక్కదిక్కు తలకాయనొప్పి. నాది గూడ గదే. నేను ఇత్తనాల పిలగాణ్ని గాదు. ఇబ్రహీంపట్నంల సూదుల డాక్టరమ్మ తాన మేమిద్దరం పక్కపక్క బల్లల మీద పండుకుంటం.”

ఇక్కడ ఆపితే చాలు. ఒకరిద్దరు నమ్మారు కూడా. కానీ మిగతా జనం గుడ్లప్పగించి చూస్తున్నారు. ఆ నిశ్శబ్దం నాకు పడదు. నిశ్శబ్దంగా ఉన్నచోట ఏదో ఒకటి అనకుండా ఉండలేను.

“నమ్ముతలేరా? పైకి పోయిన సంగతి తెల్వొద్దని, పోయినప్పుడల్ల కింద ఒక బెండ ఇత్తుల ప్యాకిట్ కొంటడు. మీ ఇండ్లళ్ళ ఏడాది పొడుగూత బెండకాయ ఎందుకు తిన్నరో ఇప్పుడన్న సమజైందా?”

ఒక ముసలామె, “అయ్యో, గందుకా!” అంది. అంతే. షామియానా మొత్తం పగలబడి నవ్వింది. తమ్ముడు నవ్వాడు. గురుస్వామి మాల మీది చేయి తీసి పొట్ట పట్టుకున్నాడు. భార్య చేతిలో మడత చీరతోనే గడపలోకి వచ్చి, “బెండకాయనా?” అని అక్కడే కూలబడి, నవ్వుతూ ఏడ్చింది. పని అయిపోయింది. మనిషి బయటపడ్డాడు. మైకు కింద పెట్టాలి.

పెట్టలేదు. అంతమంది నవ్వుతుంటే మైకు కింద పెట్టడం నాకు చేతకాలేదు. ఆయన తువ్వాలు అడ్డం పెట్టుకుని నాలుక కొస ఎలా చూపిస్తాడో చేసి చూపించాను. మళ్ళీ చెయ్యమన్నారు. మళ్ళీ చేశాను.

నవ్వనిది ఒక్క మనిషే. ఆయన అరటి బోదె పట్టుకుని, అంత వెలుగులో, అంత చప్పుడులో, తలుపు లేని చోట నిలబడి ఉన్నాడు.

“రోగం తప్పు గాదు స్వామీ,” అన్నాడు గురుస్వామి కళ్ళు తుడుచుకుని. “రేపటి సంది గోరువెచ్చటి నీళ్ళు పోస్కో.” మాల ఉంది. భార్య ఉంది. ఆయన అందరితోపాటు శబరిమల పోయి వచ్చాడు.

*

డాక్టరమ్మ దగ్గరికి మాత్రం మళ్ళీ రాలేదు. ఆయన ఊరి మగవాళ్ళు వచ్చారు. మొదట ఒకడు, వాడి వెనక ఇంకొకడు. అందరికీ ఎప్పటి నుంచో తలనొప్పి ఉందట. ఆయన పడుకునే బల్ల మీద ఇప్పుడు ఆయన తమ్ముడు పడుకుంటున్నాడు.

తర్వాత ఆయన్ను ఒక్కసారే చూశాను, బస్టాండు దగ్గరి అదే హోటల్లో. ఎవరో ఇద్దరు గోడ తగాదాతో ఎదురుగా కూర్చున్నారు. ఆయన కళ్ళు మూసుకుని చేయి పట్టుకున్నాడు. వెంటనే ఇద్దరూ గొంతు తగ్గించారు. “నొస్తున్నట్టుంది పటేలుకు. పాపం, పండుకోనీ. మనం పోలీస్ స్టేషన్ల చూస్కుందాం పా.” ఆయన మీద జాలితో నిశ్శబ్దంగా లేచి వెళ్ళిపోయారు.

ఆయన కళ్ళు తెరిచాడు. నన్ను చూశాడు. “నొస్తలేకుండె,” అన్నాడు. “నిజంగనే ఆలోచన చేస్తుంటి.”

పక్కన కూర్చున్నాను. టీ చెప్పాడు.

“ఇంట్ల ఎట్లుంది కాకా?”

“మస్తు సూస్కుంటున్నరు. సప్పుడైతదని స్టీలు గ్లాసులు బంద్ జేసిండ్రు. స్టార్టరు గదిల మంచమేసిండ్రు. పండుకున్నంక గడెకొకలొచ్చి తగ్గిందా, తగ్గిందా అని అడుగుతరు.” టీ ఊదుకున్నాడు. “తాగినోణ్ని ఎవ్వడు అడగకపోతుండె పిలగా. పడ్డోణ్ని పడ్డట్టె ఇడుస్తుండ్రి.”

నేను టీ గ్లాసును బల్ల మీద అటూ ఇటూ జరిపాను.

“నువ్వు మంచిగనె చేసినవ్ బిడ్డా. ఇంటామె పోకుంట ఉన్నది, గదే చాలు. గని జర నవ్వియ్యకుంట చెప్పకపోతివా?”

ఏం చెప్పాలో తెలియనప్పుడు నేను జోకు వేస్తాను. అప్పుడూ వేశాను. ఏం వేశానో రాయను. ఆయన నవ్వాడు. నేను చిన్నబోతానని నవ్వాడని నాకు తెలుసు.

ఫ్లెక్సీ చూసినప్పటి నుంచి ఆ ఊరికి పరామర్శకు పోవాలనుకుంటున్నాను. పోలేదు. పోతే అక్కడ ఎవరో ఒకరు, “నువ్వా! ఆ బెండకాయల ముచ్చట మల్లొక్కసారి చెప్పు” అంటారు. చెప్పకూడదు. కానీ నలుగురు చుట్టూ కూర్చుని ఎదురుచూస్తే చెప్పేస్తాను, నాలుక కూడా పెట్టి చూపిస్తాను. నా గురించి నాకు తెలుసు. ఆయన భార్య అక్కడే ఉంటుంది, తెల్ల చీరలో కూర్చుని, బహుశా ఆమె కూడా నవ్వుతుంది.

నిన్న సూదులకు పోయాను. ఆయన చనిపోయిన సంగతి డాక్టరమ్మకు అప్పటికే తెలిసింది. ఏదైనా పెద్ద మాట అంటుందేమోనని చూశాను. ఆమె నా మణికట్టు పట్టుకుని నాడి చూసి, నాలుక చూసి, “నిద్ర పోతలేవా?” అంది, అంతే.

మగవాళ్ళ రద్దీ ఎక్కువైందని మెట్ల దగ్గర కొత్త బోర్డు పెట్టారు. పురుషులకు గురువారం మధ్యాహ్నం మాత్రమే. ఖాళీ కడుపుతో వస్తే సూదులు వేయరు, ఏదైనా తిని రావాలి.